వానలో టర్కీ వేట

మేఘము గర్జింపగా నెమలి కేకవేయునని మనవారెఱుగుదురు. అమెరికా అడవులలో ఆ పని టర్కీ కోడిది. వసంతకాలపు వేకువను ఉఱుము వినబడినంతనే, చెట్టుకొమ్మపై రాత్రి గడపిన పుంజు ఉలికిపడి బిగ్గరగా బదులు పలుకును. ఆ పలుకే దాని ప్రాణములమీదికి తెచ్చును. ఏలయన వేటకాడు చెవియొగ్గి ఆ చేరువనే పొంచియుండును.

అంతమాత్రమున వానలో వేట సులభమని తలపరాదు. ఈ పక్షి వాసనను నమ్మి బ్రతుకునది కాదు. కన్నును చెవియు దాని కావలివాండ్రు. చినుకుల చప్పుడులో, కదలెడు ఆకుల నడుమ, ఆ రెండును కొఱగాకపోవును. అందుచే అది అడవి విడిచి, నలుదెసలు కనబడు పచ్చికబయలునకు వచ్చి తడిసిన ఱెక్కలతో మౌనముగ నిలుచును. వేటకాడు బయలు అంచున మాటువేయును. తడియాకులపై అడుగుల సవ్వడి వినబడదు. అది అతనికి లాభము. కాని పెట్టవలె కూయించు కొయ్యపెట్టె నానెనా, మూగవోవును. అంగిటికానించి ఊదు రబ్బరు పొరయే అపుడు గతి.

ఇచట మనుష్యప్రాణమునకును అపాయము కలదు. వానతెరలో వినబడిన కూత పెట్టది కాక మఱొక వేటకానిది కావచ్చును. పుంజు తల ఎఱుపు, తెలుపు, నీలి వన్నెలది గనుక ఆ రంగుల బట్టలు ధరింపరాదని వేటకాండ్రకు నేర్పుదురు. తెల్లని జేబురుమాలైనను ప్రమాదమే. రొమ్మున వ్రేలాడు వెండ్రుకలవంటి కుచ్చు స్పష్టముగ కనబడినగాని తుపాకి ఎత్తరాదు. వసంతపు వేటలో సాధారణముగ పుంజులను, కుచ్చుగల పక్షులను మాత్రమే చంపనిత్తురు.

పెట్టను విడుచుటకు కారణము కలదు. అది నేలపై గూడుపెట్టి ఇంచుమించు 28 దినములు పొదుగును. నూగుమాత్రమే కల పిల్లలు చలివానలో తడిసినచో, తల్లిఱెక్కల వెచ్చదనము లేనిదే బ్రతుకవు.

విచ్చలవిడి వేటచేతను, అడవులు నఱకుటచేతను ఇరువదవ శతాబ్దారంభమునకు ఈ జాతి పెక్కు రాష్ట్రములలో నశించెను. వేట ఆయుధములపై పన్నును వన్యప్రాణి రక్షణకు మళ్ళించిన 1937 నాటి చట్టము దానిని నిలువబెట్టుటకు తోడ్పడెను. పెంపకపు కోళ్ళను అడవిలో విడిచిన ఫలము లేకపోయెను. అడవి పక్షులనే వలలతో పట్టి తరలింపవలసి వచ్చెను. 1960లో మిస్సోరీ రాష్ట్రము వసంతపు వేటను మఱల తెఱచెను.

ఈ పక్షి మనదేశమునకును వచ్చినదే. 1612లో గోవానుండి వచ్చిన పుంజును చూచి జహంగీరు చక్రవర్తి అబ్బురపడెను. ఆస్థాన చిత్రకారుడు మన్సూరు దాని రూపు లిఖించెను.

వాన వెలిసినంతనే పుంజు ఱెక్కలు దులిపికొని, ఎండలో ఆరబెట్టుకొని, మఱల గొంతెత్తును. తడిసి వణకిన వేటకాడు పలుమారు అప్పటికే ఇల్లు చేరియుండును.