ఔషధము – ఖనిజము : పొత్తు కుదరని జంట

రెండూ మేలు చేసేవే. ఒకటి రోగక్రిములను అణచివేస్తుంది. మరొకటి రక్తహీనతను తొలగిస్తుంది. అయినను, రెంటినీ ఒకే గుక్క నీటితో మింగినప్పుడు రెంటి మేలూ తగ్గిపోవచ్చును. కొన్ని యాంటీబయాటిక్ ఔషధాలకూ, ఇనుము, కాల్షియం వంటి ఖనిజాల బిళ్లలకూ మధ్యగల ఈ వైరమును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము.

1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిది. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో బెంజమిన్ డగ్గర్ దానిని కనుగొన్ననాడు, అచ్చటి పరిశోధనలకు సారథ్యం వహించినవారు మన భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ వర్గపు అణువులలో ఆక్సిజన్ పరమాణువులు చేరువచేరువగా అమరి ఉన్నవి. ఇనుము, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింకు అయాన్లకు రెండో మూడో ధనావేశాలుంటాయి. పీత తన డెక్కలతో ఎరను పట్టినట్లు, ఆ ఆక్సిజన్ పరమాణువులు ఈ అయాన్లను ఒడిసి పట్టుకుంటాయి. ఈ చర్యకు కీలేషన్ అని పేరు. ఆ పదానికి మూలమైన గ్రీకు మాటకు పీత డెక్క అనియే అర్థం. ఇట్లు ఏర్పడిన సంక్లిష్ట పదార్థం పేగు గోడను సులభంగా దాటలేక, మలంతో వెలికి పోతుంది.

ఇనుప లవణం టెట్రాసైక్లిన్ల శోషణకు అడ్డు తగులుతుందని 1970లో ఫిన్లాండు పరిశోధకులు మానవులలోనే పరిశీలించి ప్రకటించారు. డాక్సీసైక్లిన్ పాలకు అంతగా లొంగకపోయినా ఇనుముకు లొంగుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, దాని వర్గీయులదీ ఇదే గుణం. ఆమాక్సిసిలిన్‌కు మాత్రం ఈ చిక్కు లేదు. కావున ఏ మందో తెలిసికొనుట ముఖ్యం.

రక్తంలో మందు చాలినంత చేరకపోతే రోగం తగ్గదు. బ్రతికి బయటపడిన క్రిములు మందుకు లొంగనివిగా తయారయ్యే ప్రమాదమూ గలదు. అప్పుడు మనం మందును నిందిస్తాము, వైద్యుని నిందిస్తాము. ప్రక్కనే మింగిన బలపు బిళ్ల మాత్రం మనకు గుర్తుకు రాదు.

నివారణ సులభం. ఖనిజపు బిళ్లకు రెండు గంటల ముందుగానీ, ఆరు గంటల తరువాతగానీ సిప్రోఫ్లాక్సాసిన్ తీసుకోవాలి. టెట్రాసైక్లిన్లకూ కొన్ని గంటల ఎడం అవసరం. పులిత్రేన్పులకు వాడే మెగ్నీషియం, అల్యూమినియం మందులకూ ఇదే నియమం వర్తిస్తుంది.

రంజాన్ మాసంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పగటి మందులన్నీ ఇఫ్తార్ వేళ పాలతో కలిపి ఒక్కసారే మింగే అలవాటు మన ఇండ్లలో కలదు. రాత్రి నిడివి కొద్దిది. అందులో ఇన్ని గంటల ఎడం కుదరనప్పుడు, చికిత్స ముగియువరకు ఖనిజపు బిళ్లను ఆపవచ్చునా అని వైద్యుని అడగాలి. రోగి ఉపవాసాన్ని వాయిదా వేసి తరువాత తీర్చుకొనుటకు మన ధర్మం అనుమతించినదే కదా!

విద్యార్థి మిత్రులారా! వైద్యుని వద్దకు వెళ్లునప్పుడు ఇంట్లో వాడే టానిక్కులు, బిళ్లల పేర్లు ఒక చీటీపై వ్రాసి తీసికొని వెళ్లండి. చదువురాని పెద్దలకు ఆ చీటీ మీరే వ్రాసి ఇవ్వండి. మనం నేర్చిన రసాయన శాస్త్రం మన ఇంటికి ఉపకరించుటకు ఇంతకన్న సులభమైన మార్గం లేదని మా విశ్వాసం.