నిలువుగా నడచు బాతు

బాతు అనగానే మన మనస్సునకు తోచు రూపమొకటి కలదు. నేలకు సమాంతరముగ నుండు బరువైన దేహము, పొట్టికాళ్లు, అటునిటు ఊగులాడు నడక. నీటిలో ఎంతో సొగసుగా ఈదు ఆ పక్షి గట్టెక్కిన వెంటనే అట్లు తడబడుట చూచువారికి నవ్వు పుట్టించును. కాని బాతులలో ఒక జాతి ఈ లక్షణమునకు పూర్తిగా భిన్నమైనది. అది మెడను నిక్కించి, కావలిభటుని వలె నిటారుగ నిలుచును. ఊగక, తడబడక చకచక పరుగెత్తును. దానికి 'ఇండియను రన్నరు' అని పేరు. 'రన్నరు' అనగా పరుగెత్తునది. దీనిని మనము పరుగుబాతు అని పిలుచుకొనవచ్చును.

పేరులో ఇండియా ఉన్నను, దీని పుట్టినిల్లు మన దేశము కాదు. నేటి ఇండొనీషియాలోని జావా, బాలి, లాంబాక్ దీవులు దీని స్వస్థలములు. పూర్వము ఐరోపావారు ఆ దీవులను 'తూర్పు ఇండియా దీవులు' అని వ్యవహరించెడివారు. 'ఇండియను' అను విశేషణము ఈ బాతునకు ఆ విధముగ అంటుకొని యుండవచ్చును.

ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అను ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1856లో లాంబాక్ దీవిని దర్శించెను. అచట పెంగ్విను పక్షుల వలె నిటారుగ నడచు బాతుల మందలను చూచి ఆశ్చర్యపడి, 1869లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున వానిని వర్ణించెను. బియ్యపు ఓడల నావికులు వానిని 'బాలి సైనికులు' అని పిలిచెడివారని కూడ ఆయన వ్రాసినాడు. చార్లెస్ డార్విను 1868లో వెలువరించిన గ్రంథమున ఈ బాతుల ఎముకలను గూర్చి చర్చించి, వీని తొడ ఎముక ఇతర బాతుల ఎముక కంటె పొడవైనదని తెలిపెను. పందొమ్మిదవ శతాబ్దముననే ఈ జాతి ఓడలమీద బ్రిటను చేరి, క్రమముగ ఇతర దేశములకు వ్యాపించినది.

పెంపుడు బాతులలో మస్కోవీ అను ఒక్క జాతి తప్ప తక్కినవన్నియు మల్లార్డు అను అడవిబాతు సంతతివే. పరుగుబాతు కూడ ఆ వంశమునకు చెందినదే. అయినను దాని ఆకారము ఏల మారినది? సాధారణమైన బాతునకు కాళ్లు దేహము నడుమ నుండును. అందుచే దేహము అడ్డముగ నిలుచును. పరుగుబాతునకు కాళ్లు తోకవైపునకు జరిగి యున్నవి. అందుచే అది దేహమును పైకెత్తినగాని తూకము నిలుపుకొనజాలదు. సన్నని దేహము, పొడవైన మెడ కలిగి, అది నిలువబెట్టిన కదురు వలె కనబడును. బెదరినప్పుడు మరింత నిక్కి దాదాపు నిట్టనిలువుగ నిలుచును. మగబాతు సుమారు 1.6 మొదలు 2.3 కిలోల వరకును, ఆడుబాతు 1.4 మొదలు 2 కిలోల వరకును తూగును. మగదాని తోకపై ఉంగరము తిరిగిన ఈకలుండును. దాని గొంతు బొంగురుగ, మెల్లగ నుండును. బిగ్గరగా అరచునది ఆడుబాతే. తెలుపు, నలుపు, గోధుమవన్నె మొదలగు పెక్కు రంగులలో ఈ జాతి లభించును.

ఈ పక్షి ఎగురజాలదు. రెండడుగుల ఎత్తుగల కంచె దీనిని ఆపుటకు చాలును. ఎగురలేనిదగుటచే ఇది కాళ్లనే నమ్ముకొన్నది. ఒంటరిగ తిరుగుట దీనికి గిట్టదు. మందలోని బాతులన్నియు ఒక్కచోట గుమిగూడి, ఒకటి మలగినచో తక్కినవియు మలగును. ఈ స్వభావము వలననే బ్రిటనులో గొఱ్ఱెలకాపరి కుక్కల నేర్పును ప్రదర్శించుటకు గొఱ్ఱెలకు బదులుగ ఈ బాతులను ఉపయోగించుట కలదు.

జావా, బాలి దీవుల రైతులు ఈ స్వభావమును తరతరములుగ వినియోగించుకొనుచున్నారు. కాపరి చేతిలో పొడవైన వెదురుగడ యుండును. గడ చివర గుడ్డపేలికగాని, ఈకల కుచ్చుగాని కట్టుదురు. పిల్లలుగ నున్నప్పటినుండియు బాతులు ఆ గడ వెంట నడచుటకు అలవాటుపడును. కాపరి కోసిన వరిమడిలో గడను పాతి తన పనికి పోయినను, మంద దాని చుట్టుప్రక్కలనే మేయుచుండును. రాలిన గింజలు, నత్తలు, పురుగులు, కలుపుగింజలు వానికి ఆహారము. మేసినంతసేపును అవి పొలమునకు ఎరువు వేయుచునే యుండును. సాయంకాలమున గడ కదలినచో మందయు ఇంటిదారి పట్టును. ఇట్లు దినదినమును దూరము నడువగల బాతులనే రైతులు ఎన్నుకొని పెంచుటచే ఈ జాతికి నిటారు నడక స్థిరపడినదని తలంచుటకు వీలున్నది. మన కృష్ణా గోదావరి డెల్టాలలోను వరికోతలైన పిదప కాపరులు నాటుబాతుల మందలను మడినుండి మడికి తోలుకొనిపోవుట కలదు. జాతి వేరైనను పద్ధతి ఒక్కటే.

పరుగుబాతు ముఖ్యముగ గ్రుడ్లకు ప్రసిద్ధి. మంచి పోషణ యున్నచో ఏటికి 150 మొదలు 200 వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు గ్రుడ్లు పెట్టును. జావాలోని బ్రెబెస్ పట్టణము ఉప్పు బాతుగ్రుడ్లకు పేరుగాంచినది. ఇటుకపొడిని గాని బూడిదను గాని ఉప్పుతో కలిపి తడిపి, గ్రుడ్లకు పట్టించి, సుమారు రెండు వారములు నిలువయుంచి పిదప ఉడికింతురు. దక్షిణాఫ్రికాలో ఒక ద్రాక్షతోటవారు వెయ్యికి పైగా పరుగుబాతులను పెంచి, తీగలను తిను నత్తలను వానిచే ఏరివేయించుచున్నారు. ఇంగ్లండులో ఆడెల్ క్యాంప్‌బెల్ అను వనిత ఈ జాతిని ఇతర బాతులతో సంకరపరచి, 1898లో క్యాంప్‌బెల్ జాతిని లోకమునకు పరిచయము చేసెను. దానినుండి వచ్చిన కాకీ క్యాంప్‌బెల్ బాతులను నేడు మన దేశమునను గ్రుడ్లకొరకు పెంచుచున్నారు.

అయితే ఈ బాతు బ్రతుకు పొలము బ్రతుకుతో ముడిపడి యున్నది. 1960 తరువాతి దశాబ్దములలో ఇండొనీషియాలో అధికదిగుబడి వరివంగడములు, వానితోబాటు పురుగుమందులు విరివిగ వ్యాపించెను. ఏటికి పంటల సంఖ్య పెరిగినకొలది బీడు దినములు తగ్గి, మందలకు మేత కరవయ్యెను. మందు చల్లిన మడిలో బాతులకు క్షేమము లేదు. ఆ మందుల వలన దోమను తిను సాలెపురుగులు మొదలగు మిత్రకీటకములు నశించి, దోమపోటు మరింత ప్రబలెను. తుదకు 1986లో అచటి ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందుల వాడకమును నిషేధించెను. పురుగును చంపుటకు తెచ్చిన మందు, పురుగును తిను ప్రాణినే ముందుగ చంపునని ఆ దేశము అధిక మూల్యము చెల్లించి తెలిసికొన్నది.

ఈ బాతును పెంచువారు కొన్ని విషయములు గమనింపవలెను. ఈదుటకు చెరువు లేకపోయినను, తల ముంచి కన్నులను ముక్కురంధ్రములను కడుగుకొనుటకు చాలినంత లోతైన నీటిపాత్ర యుండవలెను. రాత్రులయందు నక్క, ముంగిస మొదలగువాని బారినుండి కాపాడు గూడు కావలెను. ఇవి తెల్లవారుజామున గ్రుడ్లు పెట్టును. గూడు కట్టుకొనక ఎచట నున్న అచటనే విడిచిపెట్టును. కావున ప్రొద్దెక్కిన పిదపనే బయటికి వదలుట మంచిది. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఈ జాతి ఆడుబాతులు చాలవరకు పొదుగవు. గ్రుడ్లను కోడిక్రింద నుంచియో, పొదుగుయంత్రమున నుంచియో 28 దినములు వెచ్చదన మీయవలెను.

ఎక్కువ గ్రుడ్లు కావలెనని మానవుడు కోరెను. బాతు పొదుగుట మఱచినది. మంద చెదరక నడువవలెనని కోరెను. అది ఎగురుట మఱచినది. మానవుని మేలుకొరకు ఇంతగా మారిన ఈ ప్రాణి మానవుని ఆదరము లేనిచో ఒక్క తరమైనను నిలువజాలదు. ఒక జాతి అంతరించినచో దానిని మరల సృష్టించుట ఎవరికిని సాధ్యము కాదు. పెంచిన చేయియే కాపాడవలెను.