మలినము నుండి మేత: ఒక ఈగ చేయు సేవ

పుదుచ్చేరి పట్టణానికి కీటకాలతో వైరం పాతది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ వలన ఇక్కడ బోదకాలు వ్యాపించేది. 1975లో ఈ పట్టణంలో ఏర్పడిన రోగవాహక నియంత్రణ పరిశోధన కేంద్రం 1981 నుండి 1985 వరకు దోమల నివారణకై విస్తృతమైన కృషి సాగించినది. అయినను మురుగు సమస్య తీరలేదు. 2024 జూన్‌లో రెడ్డియార్‌పాళయం ప్రాంతాన భూగర్భ మురుగు గొట్టాల నుండి ఇళ్ళ మరుగుదొడ్లలోనికి వెలువడిన విషవాయువుకు ఇద్దరు స్త్రీలు, ఒక బాలిక బలియైనారు.

మానవ మలాన్ని గొట్టాలలో దాచుటకు బదులు, దానిని ఆహారంగా స్వీకరించే మరొక కీటకానికి అప్పగింపవచ్చునా? నల్ల సైనిక ఈగ అటువంటిది. చూచుటకు సన్నని కందిరీగవలె ఉండును. ఇంటి ఈగవలె మన భోజనంపై వాలదు. వారం దినాల తన జీవితంలో అది దాదాపు ఏమియు తినదు. మలినం చెంతనున్న పొడి పగుళ్ళలో ఆడ ఈగ సుమారు 500 గ్రుడ్లు పెట్టును. తినే పని అంతయు పిల్లపురుగులదే. 27, 30 డిగ్రీల నడుమ వేడిమిలో రెండు మూడు వారాలలో అవి ఎదిగి, తడిని విడిచి పొడిచోటు వెదకుచు తమంతట తామే ప్రాకిపోవును. తొట్టెకు వాలుగా ఒక దారి అమర్చినచో నేరుగా పాత్రలో వచ్చి పడును! ఎండబెట్టిన పురుగులో ఇంచుమించు 40 శాతం మాంసకృత్తులు, 30 శాతం క్రొవ్వు ఉండును. అది చేపలకు, కోళ్ళకు మేత. మిగిలిన పిప్పి పొలానికి ఎరువు.

కెన్యా రాజధాని నైరోబీలోని పేదవాడలలో 2011లో ఆరంభమైన శానర్జీ సంస్థ, మరుగుదొడ్ల డబ్బాలలో సేకరించిన మలంతో ఈ పురుగులను పెంచి, మేతను, ఎరువును విక్రయించి చూపినది.

అయితే తొందరపాటు తగదు. ఈ పురుగులు సాల్మొనెల్లా క్రిములను తగ్గించినను ఏలికపాము గ్రుడ్లను నశింపజేయవని పరిశోధనలో తేలినది. కనుక పురుగును, పిప్పిని వేడిచేసి శుద్ధి చేయక తప్పదు. మురుగుకాలువ నీరు వీటికి పనికిరాదు. సెప్టిక్ ట్యాంకుల నుండి తీసి, నీరు వడకట్టిన చిక్కని మడ్డి కావలెను. ఐరోపా యూనియన్ మలంపై పెంచిన పురుగులను మేతగా అంగీకరించదు. యానాం చుట్టుప్రక్కల గోదావరి డెల్టాలో ఎగుమతికై రొయ్యలు పెంచే రైతులు ఈ సంగతి ముందే తెలిసికొనవలెను. క్రొవ్వు నుండి బయోడీజిల్ తీయుటకు ఆ అడ్డంకి లేదు.

ఇక మడ్డిని తొట్టెలకు చేర్చుట. మలాన్ని మనుషులచేత ఎత్తించుటను 2013 నాటి చట్టం నిషేధించినది. ఆ పని యంత్రాలతోనే సాగవలెను. పెట్టుబడి లెక్కలో మొదటి పద్దు అదే.