కాబూల్ గుమ్మంలో కావలి

ఒక దేశపు రాయబారి మరొక దేశపు రాజధానిలో నివసించాలంటే రెండు కాపలాలు కావాలి. మొదటిది ఆతిథ్యమిచ్చిన దేశానిది. ప్రహరీకి వెలుపల, వీధి మలుపులో, చెక్‌పోస్టు వద్ద ఆ దేశపు పోలీసులు నిలబడతారు. రెండవది రాయబారిని పంపిన దేశానిది. గేటు లోపల, మేడ మీద, రాయబారి వాహనం పక్కన ఆయన స్వదేశపు జవాన్లు ఉంటారు. రాజ్యం సుస్థిరంగా ఉన్నంతకాలం వీరిని ఎవరూ ప్రత్యేకంగా గమనించరు. వీసా కోసం వచ్చినవారు సంచి తెరిచి చూపించి లోపలికి వెళ్ళిపోతారు. పాలన పట్టు తప్పిన దేశంలో పరిస్థితి వేరు. ప్రభుత్వాల మధ్య ఉన్న పగ, పాలకుల మీద ప్రజలకున్న ఆగ్రహం, జీతం అందని సైనికుల ఆకలి, అన్నీ వచ్చి మొదట తాకేది ఆ గేటునే.

ఆఫ్ఘానిస్తాన్ రాజధాని కాబూల్ ఈ సంగతిని నూట నలభై ఏళ్ళకు పైగా చెబుతూనే ఉంది. ఆ చరిత్రలో రాయబారుల పేర్లు, అమీర్ల పేర్లు, సేనానుల పేర్లు భద్రంగా ఉన్నాయి. గుమ్మంలో నిలబడినవారి గురించి తెలిసినది తక్కువ. అందులో మన ఉపఖండపు సామాన్య సిపాయిలు మొదటి అధ్యాయం నుంచే ఉన్నారన్న విషయం మన ఇళ్ళలో చాలామందికి తెలియదు.

జీతం అందని పటాలాలు

బ్రిటిష్ సేనలు దండెత్తి వచ్చిన తరువాత, 1879 మే నెలలో అమీర్ యాకూబ్ ఖాన్ గండమక్ వద్ద వారితో ఒక ఒడంబడిక చేసుకున్నాడు. కాబూల్‌లో బ్రిటిష్ ప్రతినిధి శాశ్వతంగా నివసించాలన్నది అందులోని ఒక షరతు. ఆ పదవిలో నియమితుడైన సర్ లూయీ కవన్యారి జులై మాసంలో బాలా హిసార్ కోటలోని రెసిడెన్సీకి చేరుకున్నాడు. ఆయన వెంట మరో ముగ్గురు ఆంగ్లేయులు మాత్రమే వచ్చారు. రక్షణగా వచ్చిన సిపాయిలు, సవార్లు డెబ్బై మందికి పైగా ఉన్నారు. వారంతా ‘కోర్ ఆఫ్ గైడ్స్’ అనే దళానికి చెందిన ఉపఖండపు సైనికులు. ముస్లింలు, సిక్కులు, హిందువులు ఒకే పటాలంలో పక్కపక్కన పనిచేసేవారు.

సెప్టెంబరు 3వ తేదీ ఉదయం హెరాత్ నుంచి వచ్చిన ఆఫ్ఘన్ పటాలాలు తమకు రావలసిన బకాయి జీతాల కోసం కోటలో గుమిగూడాయి. రావలసినది కొన్ని నెలల జీతం కాగా, ఇవ్వజూపినది ఒక్క నెలది. బ్రిటిష్ ప్రతినిధి వద్ద ధనం ఉందన్న మాట గుంపులో పుట్టింది. అందరూ రెసిడెన్సీ వైపు మళ్ళారు. డబ్బు ఇవ్వడానికి కవన్యారి అంగీకరించలేదు. రాళ్ళతో మొదలైన గొడవ తుపాకులదాకా వెళ్ళింది. అమీర్ నుంచి ఆదుకోగల సహాయమేదీ అందలేదు. గంటల తరబడి పోరు సాగి, భవనానికి నిప్పంటుకుంది. చివరికి నలుగురు ఆంగ్లేయులూ మరణించారు.

మాకు వైరం మీతో కాదు, ఆయుధాలు వదిలి బయటికి రండని ముట్టడించినవారు మిగిలిన సిపాయిలను పిలిచారు. వారు ఒప్పుకోలేదు. జమాదార్ జీవంద్ సింగ్ మిగిలిన కొద్దిమందిని వెంటబెట్టుకుని బయటికి దూసుకువచ్చి, పోరాడుతూ ప్రాణం విడిచాడు. ఆ వేళ వేరే పని మీద రెసిడెన్సీకి వెలుపల ఉన్న కొందరు తప్ప దళమంతా అక్కడే నేలకొరిగింది. నేటి పాకిస్తాన్‌లోని మర్దాన్ పట్టణంలో 1892లో వారికి స్మారక కట్టడం నిర్మించారు.

ఆ పోరులో ఇరువైపులా ఉన్నవారిని గమనించండి. దాడి చేసినవారు జీతం కోసం వచ్చిన సైనికులు. ప్రాణాలొడ్డినవారు జీతం మీద కొలువు చేస్తున్న సైనికులు. గండమక్ ఒడంబడిక మీద సంతకం చేసినవారు వీరిలో ఎవరూ లేరు. దాని భారం మాత్రం వీరి మీదనే పడింది. అక్టోబరులో జనరల్ రాబర్ట్స్ సేనతో కాబూల్‌లో ప్రవేశించి అనేకులను ఉరితీయించాడు. యాకూబ్ ఖాన్ గద్దె వదులుకున్నాడు. ఒక గుమ్మం వద్ద మాట తప్పిపోతే దాని ఫలితం ఊరంతా ఎలా అనుభవిస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

రాయబారికి ఇచ్చిన మాట

దూతను హింసించరాదన్న నియమాన్ని ఐరోపా దేశాలు మనకు నేర్పలేదు. అబద్ధ ప్రవక్త ముసైలిమా పంపిన ఇద్దరు దూతలు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, అతని అబద్ధాన్నే తామూ నమ్ముతున్నామని ముఖం మీదే చెప్పారు. అంతటి అపచారం జరిగినా వారు క్షేమంగా తిరిగి వెళ్ళారు. దూతలను చంపరాదన్న నియమమే వారిని కాపాడిందని ఆయన (స) స్పష్టం చేశారు. ఖురైషీయుల తరఫున దూతగా వచ్చిన అబూ రాఫె మనసులో ఇస్లాం పట్ల ప్రేమ పుట్టి, ఇక తిరిగి వెళ్ళనని అన్నారు. దూతను ఆపి ఉంచుకోవడం ఒప్పందాన్ని భంగపరచడమేనని దైవప్రవక్త (స) ఆయనను వెనక్కి పంపారు. అదే భావం మనసులో నిలిచి ఉంటే మళ్ళీ రావచ్చని చెప్పారు. ఆయన వెళ్ళి, తిరిగి వచ్చి ఇస్లాం స్వీకరించారు.

హుదైబియా సందర్భం మనందరికీ తెలిసినదే. దూతగా మక్కాకు వెళ్ళిన హజ్రత్ ఉస్మాన్ (రజి) హతులయ్యారన్న వదంతి రాగానే సుమారు 1,400 మంది సహాబాలు చెట్టు కింద ప్రాణాలకు తెగించి ప్రమాణం చేశారు. దూత ప్రాణం ఎంత బరువైనదో ఆ ప్రమాణం తెలుపుతుంది. మన ఫుఖహాలు దీనిని ‘అమాన్’ అన్న అధ్యాయంలో వివరించారు. అభయం పొంది వచ్చినవాని ప్రాణం, ధనం అభయమిచ్చినవారి చేతిలో అమానత్ వంటివి.

నేటి ప్రపంచంలో 1961 నాటి వియన్నా ఒప్పందం ఇదే విషయాన్ని చట్టంగా మార్చింది. రాయబార కార్యాలయాన్ని చొరబాటు నుంచి, నష్టం నుంచి కాపాడే ప్రత్యేక బాధ్యత ఆతిథ్య దేశానిదేనని దాని 22వ అధికరణం నిర్దేశిస్తుంది. అంటే అసలు కాపలా ఆతిథ్య దేశపు మాట. తుపాకీ పట్టుకున్న జవాను ఆ మాటకు తోడు మాత్రమే. మాట బలహీనపడిన చోట బరువంతా జవాను మీద పడుతుంది.

మాట తప్పిన ఏళ్ళు

ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో కాబూల్ ఈ మాటను పలుమార్లు నిలబెట్టుకోలేకపోయింది. 1979 ఫిబ్రవరి 14న అమెరికా రాయబారి అడాల్ఫ్ డబ్స్‌ను దారిలో అపహరించి ఒక హోటల్ గదిలో బంధించారు. ఆయనను విడిపించేందుకని ఆఫ్ఘన్ దళాలు కాల్పులు జరపగా, ఆ గదిలోనే ఆయన మరణించారు. 1992 ఏప్రిల్ నుంచి ఐక్యరాజ్యసమితి ప్రాంగణంలో తలదాచుకున్న మాజీ అధ్యక్షుడు నజీబుల్లాను 1996 సెప్టెంబరులో తాలిబాన్లు బయటికి లాక్కొచ్చి చంపారు. ఆ రోజుల్లోనే మన రాయబార కార్యాలయం మూతపడింది. 1998 ఆగస్టులో మజారె షరీఫ్ నగరం తాలిబాన్ల వశమైనప్పుడు అక్కడి ఇరాన్ కాన్సులేట్‌లో దౌత్యవేత్తలను, వారితోపాటు ఒక విలేకరిని కాల్చి చంపారు. ఆ హత్యలతో రెండు పొరుగు దేశాలు యుద్ధం అంచుదాకా వెళ్ళాయి.

హిమాలయాల నుంచి హెరాత్ వరకు

2001 చివరలో తాలిబాన్ల పాలన కూలిన తరువాత భారత రాయబార కార్యాలయం మళ్ళీ తెరుచుకుంది. మరుసటి సంవత్సరం నుంచి దాని రక్షణకు ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళాన్ని నియమించారు. 1962లో చైనాతో యుద్ధం జరుగుతున్న రోజుల్లో హిమాలయ సరిహద్దు కోసం ఏర్పడిన దళమిది. మంచుకొండల్లో కాపలాకు అలవాటుపడిన జవాన్లు కాబూల్‌లోను, ఆ తరువాత జలాలాబాద్, కాందహార్, హెరాత్, మజారె షరీఫ్ కాన్సులేట్లలోను పహరా కాశారు.

2008 జులై 7వ తేదీ ఉదయం కాబూల్‌లోని మన కార్యాలయం వెలుపల వీసా కోసం ఆఫ్ఘన్ ప్రజలు వరుసలో నిలబడి ఉన్నారు. కార్యాలయపు వాహనం లోపలికి ప్రవేశిస్తున్న సమయంలో పేలుడు పదార్థాలు నింపిన కారు గేటు వద్ద పేలింది. 58 మంది మరణించారు. వారిలో రక్షణ విభాగపు ప్రతినిధి బ్రిగేడియర్ రవి దత్ మెహతా, పత్రికా సమాచార వ్యవహారాలు చూసే కౌన్సిలర్ వి. వెంకటేశ్వరరావు, కానిస్టేబుళ్ళు అజయ్ పఠానియా, రూప్ సింగ్ ఉన్నారు. మృతుల్లో అత్యధికులు ఆఫ్ఘన్లే. చదువు కోసమో, వైద్యం కోసమో, వ్యాపారం కోసమో భారతదేశానికి రావాలనుకున్న సామాన్యులు ఎందరో అందులో ఉన్నారు. అంతకుముందే ఇసుక నింపిన అడ్డుగోడలు ఏర్పాటు చేసి ఉండకపోతే లోపలి భవనానికి ఇంకా పెద్ద నష్టం జరిగేది. 2009 అక్టోబరు 8న మరో కారు బాంబు పేలి 17 మంది మరణించారు. ఆసారి కూడా ప్రాణాలు పోయినవి గోడకు వెలుపలే.

2013 ఆగస్టు 3న జలాలాబాద్ కాన్సులేట్ మీదికి వచ్చినవారిని చెక్‌పోస్టు వద్ద కావలివారు అడ్డుకున్నారు. లోపల ఉన్న భారతీయులందరూ క్షేమంగా బయటపడ్డారు. పేలుడులో మరణించిన తొమ్మిది మంది పౌరుల్లో అత్యధికులు చిన్నపిల్లలు. సమీపంలోని మసీదులో ధార్మిక పాఠాలు నేర్చుకోవడానికి వచ్చిన పసివారు వారిలో ఉన్నారు. రోజూ ఉదయం పిల్లల ముందు ఖాయిదా తెరిచి కూర్చునే నా వంటి ఉపాధ్యాయునికి ఈ వార్త దగ్గర ఆగిపోకుండా ముందుకు సాగడం కష్టం. ఏ ధర్మం పేరు చెప్పుకుని ఆ కారును నడిపారో, ఆ ధర్మపు అక్షరాలు దిద్దుతున్న చేతులే అక్కడ చల్లబడ్డాయి.

2014 మే 23న హెరాత్ కాన్సులేట్ మీద నలుగురు సాయుధులు తెల్లవారకముందే దాడి చేయగా, మన జవాన్లు, ఆఫ్ఘన్ పోలీసులు కలిసి తిప్పికొట్టారు. 2016 జనవరి 3న మజారె షరీఫ్‌లో మొదలైన ముట్టడి ఒక పగలూ రాత్రీ దాటి సుమారు 25 గంటలు సాగింది. బల్ఖ్ రాష్ట్ర గవర్నర్ అతా ముహమ్మద్ నూర్ స్వయంగా తుపాకీ పట్టుకుని వచ్చి నిలిచాడు. ఆతిథ్యమిచ్చినవాడు తన మాట కోసం నిలబడడం అంటే అదే.

కిరాయి కాపలా

అన్ని దేశాలూ తమ సైనికులనే కాపలా పెట్టవు. ఆ పనిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించే రాయబార కార్యాలయాలు అనేకం. ఆ కంపెనీలు పేద దేశాల నుంచి మనుషులను తెచ్చుకుంటాయి. 2016 జూన్ 20న కాబూల్‌లో కెనడా రాయబార కార్యాలయానికి విధులకు వెళ్తున్న కాపలాదారుల మినీబస్సుపై ఆత్మాహుతి దాడి జరిగింది. 14 మంది మరణించారు. వారు నేపాల్‌కు, భారతదేశానికి చెందినవారు. దౌత్యాధికారులు ప్రయాణించే వాహనాలకు ఉక్కు కవచం ఉంటుంది. వారిని కాపాడేవారు ఎక్కిన బస్సుకు అది లేదు. ఆ ఘటన తరువాత నేపాల్ ప్రభుత్వం ఆఫ్ఘానిస్తాన్‌లో పనికి అనుమతులివ్వడం ఆపివేసింది.

మన తెలుగు జిల్లాల నుంచి కూడా కాపలా ఉద్యోగాల కోసం విదేశాలకు వెళ్ళే యువకులు ఉన్నారు. ఆ ఇళ్ళ పెద్దలు జీతం ఎంత అని అడిగి ఊరుకోకూడదు. కాపలా ఎక్కడ, నివాసం నుంచి విధులకు తీసుకువెళ్ళే వాహనం ఎటువంటిది, ప్రమాదం జరిగితే పరిహారం ఇచ్చేది ఎవరు అన్నవి కాగితం మీద చూసుకోవాలి. వలస అనుమతి అవసరమైన దేశాలకు వెళ్ళే కార్మికులకు భారత ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది. అది తీసుకున్నారో లేదో తెలుసుకోవడం కుటుంబ బాధ్యత.

ఇక బయటి వలయంలో నిలిచే ఆఫ్ఘన్ పోలీసుల సంగతి. 2017 మే 31న, పవిత్ర రమజాన్ మాసంలో, పేలుడు పదార్థాలు నింపిన ట్యాంకర్ లారీ ఒకటి కాబూల్ దౌత్య ప్రాంతంలోకి ప్రవేశించబోయింది. చెక్‌పోస్టు సిబ్బంది దానిని లోపలికి పోనివ్వలేదు. అది అక్కడే పేలింది. 150 మందికి పైగా మరణించారు. జర్మనీ రాయబార కార్యాలయం తీవ్రంగా దెబ్బతిన్నది. ఆ లారీని ఆపినవారి పేర్లు ఏ దేశపు పతకాల జాబితాలోనూ మనకు కనిపించవు.

గేటు తెరుచుకున్న రాత్రి

2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్‌లో ప్రవేశించారు. మరునాటి రాత్రి భారత రాయబార కార్యాలయం వెలుపల వారి సాయుధులు నిలబడి ఉన్నారు. లోపల రాయబారి, సిబ్బంది, ఆశ్రయం కోరి వచ్చిన పౌరులు, వారికి రక్షణగా సరిహద్దు పోలీసులు ఉన్నారు. ఇరవై ఏళ్ళ చరిత్ర తెలిసినవారు ఎవరైనా కాల్పులనే ఊహిస్తారు. అయితే గేటు తెరుచుకుంది, వాహనాల వరుస బయలుదేరింది, తాలిబాన్ సాయుధులే దానికి విమానాశ్రయం వైపు దారి చూపారు. 17వ తేదీన వాయుసేన విమానం వారందరితో జామ్‌నగర్ చేరుకుంది. రూబీ, మాయా, బాబీ అనే మూడు జాగిలాలు కూడా జవాన్లతోపాటు స్వదేశానికి వచ్చాయి.

నాటి నుంచి కాబూల్‌లో బయటి కాపలా తాలిబాన్ల వంతయింది. 2022 సెప్టెంబరు 5న రష్యా రాయబార కార్యాలయం వద్దకు వస్తున్న ఆత్మాహుతి దాడిదారుని వారి కావలివారు కాల్చారు. అయినా బాంబు పేలి కార్యాలయ ఉద్యోగులు ఇద్దరు, వీసా కోసం వేచి ఉన్న ఆఫ్ఘన్లు మరణించారు. ఆ సంవత్సరమే డిసెంబరు 2న పాకిస్తాన్ దౌత్యాధిపతి మీద కాల్పులు జరిగితే, ఆయనను కాపాడబోయిన అంగరక్షకుడు గాయపడ్డాడు. నిన్న గేటు బయట భయపెట్టినవారే నేడు గేటును కాపాడవలసి వచ్చింది. అధికారం చేతికి రాగానే అమాన్ బరువు కూడా చేతికి వస్తుంది. మన దేశం 2022 జూన్‌లో చిన్న సాంకేతిక బృందంతో కాబూల్‌కు తిరిగి వెళ్ళి, 2025 అక్టోబరులో దానిని మళ్ళీ రాయబార కార్యాలయంగా మార్చింది.

1879లో బాలా హిసార్ గుమ్మంలో నిలిచిన సిపాయికి, నేడు కాబూల్ చెక్‌పోస్టులో నిలిచిన పోలీసుకు మధ్య ఎన్నో ప్రభుత్వాలు మారాయి. ఇద్దరి పని ఒకటే. తమకు సంబంధం లేని తగాదాను తమ దేహంతో ఆపడం. వారి ప్రాణాలను కాపాడేది గోడ ఎత్తు కాదు, పాలకుల మాట నిజాయితీ. తన సైనికులకు సకాలంలో జీతమిచ్చి, తన గడప తొక్కిన దూతకు అభయమిచ్చి, ఆ అభయానికి కట్టుబడిన పాలకుడు ఉన్న చోట ద్వారపాలకుడు సాయంత్రానికి ఇంటికి చేరుకుంటాడు. ఆ ఇంట్లో అతని కోసం ఎదురుచూసే తల్లికి, భార్యాబిడ్డలకు కావలసినది కూడా అంతే.