వృద్ధ క్రీడాకారుల వాక్కులు

గ్రంథమొకటి నశించినచో వేఱొక ప్రతి దొరకవచ్చును. మనుష్యుడు గతించినచో ఆతని జ్ఞాపకములు మరల దొరకవు. కావున పెద్దలు జీవించియుండగనే వారి మాటలను భద్రపఱచుట అవసరము. అమెరికాదేశమున బేస్‌బాల్ క్రీడ విషయమున ఇట్టి సత్కార్య మొకటి జరిగినది.

బేస్‌బాల్ అమెరికా ప్రజలకు మిక్కిలి ప్రియమైన ఆట. క్రికెట్టునందువలెనే ఇందును ఒకడు బంతి విసరును; వేఱొకడు దానిని కఱ్ఱతో కొట్టును. 1961వ సంవత్సరమున టై కాబ్ అను సుప్రసిద్ధ క్రీడాకారుడు మరణించెను. అంతట న్యూయార్కు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడైన లారెన్స్ రిట్టర్, ఆ తరమువారు ఒక్కొక్కరుగా కనుమఱుగగుచున్నారని గ్రహించెను. ఆయన టేప్ రికార్డరు వెంటగొని, పూర్వపు ఆటగాండ్రను వెదకుచు సుమారు 75,000 మైళ్లు పయనించెను. శామ్ క్రాఫర్డు అను వృద్ధుడు తుదకు కాలిఫోర్నియాలో యంత్రములతో బట్టలుతుకు అంగడిలో కానవచ్చెను.

టేప్ రికార్డరు ధ్వనిని విద్యుత్తుగా మార్చి, ఇనుప భస్మము పూసిన పట్టీపై అయస్కాంత చిహ్నములుగా నిలుపును. పట్టీని మరల త్రిప్పినచో ఆ కంఠమే వినవచ్చును.

ఇందువలన కలిగిన మేలునకు ఒక నిదర్శనము కలదు. 1912వ సంవత్సరపు అంతిమ పోటీలో న్యూయార్కు జట్టువాడైన ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ సులభమైన బంతిని జాఱవిడిచెను. జట్టు ఓడిపోయెను. లోకము ఆ తప్పిదమును మఱువలేదు. కాని ఆ వెంటనే హ్యారీ హూపర్ బలముగా కొట్టిన బంతిని ఆతడే పరుగెత్తి అద్భుతముగా పట్టెను. దానిని తలచినవారు అరుదు. రిట్టర్ ఆ యిరువురి మాటలను రికార్డు చేసెను. బంతి పట్టినవాడే కాక, కొట్టిన ప్రతిపక్షీయుడును ఆ నైపుణ్యమును కొనియాడెను. 1974లో స్నాడ్‌గ్రాస్ మరణించినప్పుడు సైతము ఒక ప్రముఖ పత్రిక శీర్షికలో ఆ పొరపాటునే పేర్కొనెను. ఆతని పక్షమున పలుకుటకు ఆ కంఠములు మాత్రము మిగిలెను.

ఇరువదియిద్దఱు క్రీడాకారుల కథనములతో రిట్టర్ గ్రంథము 1966లో వెలువడెను. వృద్ధుల జ్ఞాపకములు అన్నియు నిర్దుష్టములు కావు. తరువాతి పరిశోధకులు నాటి పత్రికలతో పోల్చి చూచి, కొన్నిట పొరపాట్లు కనుగొనిరి. అంకెలకు పత్రికలు ప్రమాణము. మనుష్యుని హృదయమునకు ఆతని మాటయే ప్రమాణము. రెండును చేరినప్పుడే చరిత్ర సమగ్రమగును. ఒక్క తప్పిదముచేత మనుష్యుని జీవితమంతటిని తూచుట న్యాయము కాదని ఈ వృత్తాంతము మనకు బోధించుచున్నది.