చంద్రుని ఆవలి ముఖము

ఎన్ని పున్నములు చూచినను మనకు చంద్రుని ఒక ముఖమే కానవచ్చును. తన చుట్టు తాను ఒకసారి తిరుగుటకు పట్టు కాలములోనే చంద్రుడు భూమిని కూడ ఒకసారి చుట్టివచ్చును. అందుచే రెండవ ముఖము ఎల్లప్పుడు ఆవలనే యుండును. 1959లో సోవియట్ నౌక లూనా-3 ఛాయాచిత్రములు తీయువరకు అది ఎట్లుండునో ఎవ్వరును ఎరుగరు. నేడు ఖగోళ శాస్త్రజ్ఞులు వేధశాల నిర్మించుటకు ఆ చోటునే కోరుచున్నారు.

చంద్రునిపై దూరదర్శినిని నిలుపుట క్రొత్త కాదు. జార్జి కరుథర్స్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించిన చిన్న దూరదర్శినిని 1972 ఏప్రిల్‌లో అపోలో-16 యాత్రికులు అచట నిలిపిరి. మన వాతావరణము మ్రింగివేయు అతినీలలోహిత కిరణములు, గాలి లేని ఆ నేలపై దానికి చక్కగా చిక్కినవి. అయితే అది ఈవలి ముఖముననే యుండెను.

ఆవలి ముఖము గొప్పతనము అచటి నిశ్శబ్దములో నున్నది. మెరుపులు మెరయు వేళ రేడియో గరగరలాడుట మీరు వినియుందురు. మెరుపులకు తోడు మన ప్రసార కేంద్రములు, రాడారులు రేయింబవళ్లు తరంగములను వెదజల్లుచున్నవి. 1973లో అమెరికా పంపిన ఒక ఉపగ్రహము చంద్రుని చాటునకు పోయినప్పుడెల్ల ఈ రొద ఒక్కసారిగా తగ్గిపోయెను. సుమారు 3,470 కిలోమీటర్ల వ్యాసము గల రాతిగోళము అడ్డుగోడయైనది!

ఆ నిశ్శబ్దములో వినదగినది యేమి? తొలి నక్షత్రములు వెలుగకముందు విశ్వమునందు ఉదజని వాయువు విస్తారముగా నుండెను. దాని నుండి వెడలు రేడియో తరంగము పొడవు 21 సెంటీమీటర్లు. విశ్వము వ్యాకోచించిన కొలది ఆ తరంగమును సాగి, నేడు మనలను చేరునప్పటికి పది మీటర్లను మించియుండును. ఇట్టి దీర్ఘతరంగములను భూమిపైనున్న అయనమండలము చెదరగొట్టును; మరింత పొడవైనవానిని ఆకసమునకే మరలించును. క్రిందికి దిగివచ్చినవి మన రొదలో మునిగిపోవును. నక్షత్రములు లేని ఆ యుగపు వార్త ఆ సన్నని ధ్వనిలోనే దాగియున్నది.

పని సులభము కాదు. అచట రాత్రి మన లెక్కకు పదునాలుగు దినములు. సూర్యశక్తి దొరకదు, చలి భరింపరానిది. భూమితో నేరుగా మాటలాడుటకును వీలులేదు. అందుచే చైనా 2018లో ముందుగా ఒక వార్తావాహక ఉపగ్రహమును పంపి, 2019 జనవరిలో చాంగే-4 నౌకను ఆవలి ముఖమున దింపెను. అట్లు దిగిన మొదటి నౌక అదియే.

చిక్కు ఇచటనే యున్నది. వార్తను మోయు ఉపగ్రహము కూడ రేడియోతోనే గదా మాటలాడును! చంద్రయాత్రలు పెరిగిన కొలది ఆ గోడ వెనుకకును రొద చేరును. చంద్రుని చాటు ప్రదేశమును కాపాడుటకు అంతర్జాతీయ రేడియో నిబంధనలు ఇదివరకే యున్నవి. కాని అంతరిక్ష పరిశోధనకు వలయు కొన్ని తరంగములను ఆ నిబంధనలే మినహాయించినవి.