కుంగుబాటు చికిత్సలో మెరుగుదల: మాపని ఎంపికలో ఇమిడివున్న నిర్ణయాలు

రక్తపోటును కొలిచినట్లుగా కుంగుబాటును కొలవగల పరికరం లేదు. ఉన్నవి ప్రశ్నావళులే. రోగి మాటలను అవి అంకెలుగా మార్చుతాయి. ఆ అంకెల మొత్తం తగ్గితే వ్యాధి తగ్గినట్లు పరిగణిస్తారు. కనుక ఎవరు కోలుకున్నట్లు లెక్కకు వస్తారన్నది చాలావరకు మాపని ఎంపిక దగ్గరే నిర్ణయమవుతుంది.

మాక్స్ హామిల్టన్ 1960లో ప్రకటించిన మాపని ఇందుకు మంచి ఉదాహరణ. వైద్యుడు రోగితో సంభాషించి 17 అంశాలకు అంకెలు వేస్తాడు. గరిష్ఠ ప్రాప్తాంకం 52. ఈ అంశాలలో మూడు నిద్రకు సంబంధించినవే: నిద్ర పట్టకపోవడం, నడుమ మెలకువ రావడం, తెల్లవారకముందే మేల్కొనడం. ఒక్కొక్కదానికి గరిష్ఠంగా 2 చొప్పున నిద్ర వాటా 6. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2004 నాటి మార్గదర్శకాలలో, ఔషధానికీ ఉత్తుత్తి మాత్రకూ మధ్య ఈ మాపనిపై 3 అంకెల తేడాను వైద్యపరంగా గణనీయమైనదిగా స్వీకరించింది. అంటే మగత కలిగించే ఔషధం నిద్రను బాగుచేసినంత మాత్రాన ఆ హద్దును దాటగలదు. నిద్ర పట్టడం రోగికి చిన్న మేలేమీ కాదు. అయినా దిగులు తగ్గిందనడానికి ఆ ఒక్కటి ఆధారంగా చాలదు.

1961లో వెలువడిన బెక్ ప్రశ్నావళిని రోగి స్వయంగా పూరిస్తాడు. అందులోని 21 అంశాలలో అపరాధభావం, వైఫల్యభావన, ఆత్మనింద వంటి ఆలోచనలకు పెద్దపీట ఉంది. ఆలోచనా ధోరణిని సరిదిద్దే చికిత్సకు ఇది సహజంగానే అనుకూలించే కొలబద్ద. చికిత్సలను పోల్చే పరిశోధకుడు ఈ మొగ్గును ముందే గమనించాలి.

2001 నుండి వాడుకలో ఉన్న పీహెచ్‌క్యూ-9 గడచిన రెండు వారాల స్థితిని తొమ్మిది ప్రశ్నలతో తెలుసుకుంటుంది. ప్రాప్తాంకం 0 నుండి 27 వరకు. క్లుప్తతే దాని బలం, బలహీనత కూడా. నిద్రలేమి, అతినిద్ర ఒకే ప్రశ్నలో ఉన్నాయి. ఆకలి లేకపోవడం, అతిగా తినడం మరొక ప్రశ్నలో ఉన్నాయి. నిద్రలేమితో వచ్చిన రోగి మందు ప్రభావంతో పగలంతా నిద్రపోతున్నా ఆ అంకె మారకపోవచ్చు. తొమ్మిదవ ప్రశ్న చావు, ఆత్మహాని తలపులకు సంబంధించినది. మొత్తం ఎంత తగ్గినా ఆ జవాబును విడిగా చూడకపోవడం ప్రమాదకరం.

తెలుగులో వాడేటప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. దిగులు, విచారం, నిరాశ ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. బెంగలో దూరమైనవారి తలపు ఉంటుంది. "మనసు బాగాలేదు" అన్న మాటలో ఇవన్నీ ఇముడుతాయి. పలువురు రోగులు మనోవేదనను నీరసంగానో, గుండెదడగానో చెప్పుకొంటారు. చదవడం రాని రోగికి ప్రశ్నలను పైకి చదివి వినిపించినప్పుడు స్వీయనివేదిక కాస్తా ముఖాముఖిగా మారుతుంది. పక్కన అత్తగారో భర్తో కూర్చుని ఉంటే కోడలి జవాబు వేరుగా ఉండవచ్చు. మొదటిసారి అలా, రెండవసారి ఒంటరిగా అడిగితే వచ్చిన తేడాను చికిత్సాఫలితమని చెప్పలేము.

తేడా ఎంత ఉంటే మార్పుగా ఎంచాలన్న ప్రశ్నకు జేకబ్సన్, ట్రూయాక్స్ 1991లో ఒక మార్గం చూపారు. చికిత్సకు ముందు, తరువాతి ప్రాప్తాంకాల తేడాను ఆ తేడాకు సంబంధించిన ప్రామాణిక దోషంతో భాగించగా వచ్చిన విలువ 1.96ను మించితే, అది మాపని దోషం వల్ల వచ్చినది కాకపోవచ్చునని భావిస్తారు. అయితే బాధ తీవ్రంగా ఉన్నప్పుడే మనుషులు వైద్యుని వద్దకు వస్తారు; కొంత తగ్గుదల చికిత్స లేకున్నా కనిపిస్తుంది. పోలికకు మరొక సమూహం లేనిదే ఈ సూత్రం దానిని వేరుచేయలేదు.

లక్షణాలు తగ్గినా పనిలోకి వెళ్లలేని రోగులు ఉంటారు. దైనందిన జీవనాన్ని కొలవడానికి భారతీయ మనోవైద్య సంఘం రూపొందించిన 'ఐడియాస్' ఉన్నది. స్వీయసంరక్షణ, మానవ సంబంధాలు, సంభాషణ-అవగాహన, పని అనే నాలుగు రంగాలను అది పరిశీలిస్తుంది. కానీ వైకల్య ధ్రువీకరణకు ఉద్దేశించిన ఆ సాధనం నెలనెలా వచ్చే చిన్న మార్పులను పట్టుకోవడానికి అంతగా తగదు. 1968లో కిరెసుక్, షెర్మన్ ప్రతిపాదించిన లక్ష్యసాధన మాపని ఇక్కడ అక్కరకు వస్తుంది. "వారంలో నాలుగు రోజులు దుకాణం తెరవడం" వంటి లక్ష్యాన్ని రోగితో కలిసి నిర్ణయించి, ఫలితాన్ని -2 నుండి +2 వరకు అంచనా వేస్తారు. లక్ష్యాన్ని తక్కువగా పెట్టుకుంటే అందరూ గెలిచినట్లే కనిపిస్తారు. అందుకే లక్ష్యాలను చికిత్సకు ముందే లిఖితపూర్వకంగా నమోదు చేసి, అంచనాను చికిత్సకుడు కాక మరొకరు వేయడం మేలు.